పరీక్ష అయ్యాక మొదలయ్యే పని

కరెంటు లైన్లలోనో ట్రాన్స్‌ఫార్మర్లలోనో ఫాల్టు వస్తే కనిపెట్టి, బ్రేకర్‌ని తెరిపించి కరెంటు ఆపించే పరికరం రిలే. వాటిని పరీక్షించే రిలే టెస్టింగ్ బృందంలో చేరిన కొత్తలో నాకు పరీక్ష కిట్ ముట్టుకునే అవకాశం వెంటనే రాలేదు. ముందు ఒక గట్టి అట్ట పుస్తకం చేతికిచ్చారు. ప్యానెల్ మీద ఎవరూ చెయ్యి వేయకముందే, ఉన్నది ఉన్నట్టు అందులో రాసుకోవాలి. కరెంటు సెట్టింగు ప్లగ్ ఏ రంధ్రంలో ఉంది, రిలే ఎంత ఆగి పనిచేయాలో నిర్ణయించే టైమ్ మల్టిప్లయర్ ఎంతమీద ఉంది, రిలే పనిచేసిందని చూపే ఫ్లాగుల్లో ఏది పడి ఉంది, బ్రేకర్‌కి ఆదేశం వెళ్ళే దారిలోని ట్రిప్ లింకుల్లో ఏవి మూసి ఉన్నాయి, ఏవి తెరిచి ఉన్నాయి, టెర్మినల్ బ్లాకులో ఏ నంబరు వైరు ఎక్కడుంది. ఇవన్నీ రాసేసరికి గంట గడిచిపోయేది. కిట్ మీద చెయ్యి వేయాలని నేను ఉవ్విళ్ళూరుతుంటే, మా సీనియర్ మాత్రం "ఇప్పుడు రాసిందే సాయంత్రం నీకు పనికొస్తుందయ్యా, కంగారుపడకు" అనేవారు. "అలాగే సార్" అని మళ్ళీ ప్యానెల్ వెనక్కి వెళ్ళి కూర్చునేవాణ్ణి.

ప్యానెల్ వెనకవైపు చదవడం అక్కడే వచ్చింది. బ్రిటిష్ పద్ధతిలో వైరింగ్ చేసిన ప్యానెళ్ళలో ప్రతి వైరు కొసన తొడిగే చిన్న గొట్టం, అంటే ఫెరూల్ మీద ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక అంకె ఉంటాయి. సీ అంటే ఓవర్ కరెంట్ రిలేకి వచ్చే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కరెంటుని కొలవగలిగేంత చిన్నది చేసేది) వైరు. డీ అంటే మీటర్లకు వెళ్ళేది. ఈ అంటే వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది. కే కనిపిస్తే బ్రేకర్‌ని ట్రిప్ చేసే (అంటే తెరిచే), క్లోజ్ చేసే డీసీ. సీ11, సీ31, సీ51 మూడు ఫేజులు, సీ71 న్యూట్రల్. మొదట్లో పిచ్చి పొదలా కనబడ్డ వైరింగ్, ఈ లెక్క పట్టుబడ్డాక తిన్నగా చదివేసుకునేలా అయిపోయింది. ఇప్పటికీ ఏ సబ్‌స్టేషన్‌కి వెళ్ళినా నా చూపు ముందు ఫెరూళ్ళ మీదికే పోతుంది.

ఇక మా కిట్ సంగతి. సెకండరీ ఇంజెక్షన్ కిట్ అనేవాళ్ళం. ఇనుప పెట్టె, రెండు వైపులా పిడులు, ఇద్దరు పట్టుకుంటే గాని లేచేది కాదు. లోపల వోల్టేజీ పెంచి తగ్గించే ఒక వేరియాక్, దాని వెనక కరెంటు పెంచే ట్రాన్స్‌ఫార్మర్, వరసగా రెసిస్టెన్సులు, పైన ఒక అమ్మీటరు, పక్కన టైమరు. స్విచ్ వేయగానే రిలేలోకి కరెంటు వెళ్తుంది, అదే క్షణంలో టైమరు మొదలవుతుంది. రిలే కాంటాక్టు మూసుకోగానే టైమరు ఆగుతుంది, కరెంటు తెగిపోతుంది. చెప్పుకుంటే అంతే.

కానీ ఆ రెసిస్టెన్సులు ఎందుకున్నాయో అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. రిలే కాయిల్‌కి కావలసింది చిన్న వోల్టేజీయే కదా, వేరియాక్‌తో నేరుగా ఇచ్చేస్తే పోలా అనుకునేవాణ్ణి. ఒకరోజు మా సీనియర్ ఆసిలోస్కోప్ తెచ్చి రెండు రకాలుగానూ చూపించారు. రెసిస్టెన్సు లేకుండా ఇస్తే, కరెంటు పెరిగేకొద్దీ రిలే లోపలి ఇనుప కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేనంతగా నిండిపోతుంది, తరంగం కొమ్ములు పొడుచుకొచ్చినట్టు వంకర తిరిగిపోతుంది. అమ్మీటరు మాత్రం అమాయకంగా అదే అంకె చూపిస్తూ ఉంటుంది. తరంగం వంకరైతే డిస్క్ తిరిగే వేగం మారుతుంది, టైము తప్పు వస్తుంది, మంచి రిలేని పాడైందని రాసేస్తాం. వరసలో పెద్ద రెసిస్టెన్సు ఉంటే కాయిల్ ఎంత మొరాయించినా తరంగం వంకర పోదు. అందుకే ఆ పెట్టె అంత బరువు, అంత వేడి. ఆ రోజు తర్వాత దాన్ని మోయడం నాకు బరువనిపించలేదు.

ఎక్కువగా మా ముందుకొచ్చేవి ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ వాళ్ళ సీడీజీ రకం ఓవర్ కరెంట్ రిలేలు. అద్దం మూత, నల్ల కేసు, లోపల పల్చటి డిస్క్. పాత కరెంటు మీటర్లో తిరిగే డిస్క్ ఏ సూత్రం మీద తిరుగుతుందో ఇదీ ఆ సూత్రం మీదే తిరుగుతుంది. ఒక పక్క కాయిల్ దాన్ని తిప్పుతుంది, ఇంకో పక్క శాశ్వత అయస్కాంతం దాన్ని నెమ్మదింపజేస్తుంది, ఒక సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. కరెంటు ఎంత ఎక్కువైతే అంత త్వరగా తిరిగి కాంటాక్టు మూస్తుంది. ఆ తిరుగుడికి ఒక సూత్రం ఉంది. సెట్టింగుకి ఎన్ని రెట్లు కరెంటు వెళ్తోందో ఆ సంఖ్యని 0.02 ఘాతానికి పెంచి, అందులోంచి 1 తీసేసి, మిగిలినదానితో 0.14ని భాగిస్తే సెకన్లు వస్తాయి. దాన్ని టైమ్ మల్టిప్లయర్‌తో గుణించాలి. మల్టిప్లయర్ 1 మీద ఉంటే, రెండు రెట్లకి 10.03 సెకన్లు, అయిదు రెట్లకి 4.28, పది రెట్లకి 2.97. ఈ మూడు అంకెలు మా బృందంలో అందరికీ కంఠతా వచ్చు.

మూత తీసే ముందు దుమ్ము తుడవాలి. లేకపోతే మూత మీది దుమ్మే లోపల పడుతుంది. మూత తీశాక టార్చిలైటు పక్కనుంచి వేసి, డిస్క్‌కీ అయస్కాంతానికీ మధ్య ఉన్న సన్నని సందులోకి చూడాలి. అక్కడ ఇనుప రజను ఉంటే వెంట్రుకల్లా నిలబడి కనిపిస్తుంది. ఊదితే పోదు, అయస్కాంతం వదలదు. సన్నని ఇత్తడి రేకుకి అంటుకునే టేపు చుట్టి, డిస్క్‌కి తగలకుండా సందులోకి దూర్చి మెల్లగా లాగితే దానికి అంటుకుని వచ్చేస్తుంది. ఇత్తడే ఎందుకంటే దాన్ని అయస్కాంతం పట్టుకోదు. స్టీలు రేకు దూరిస్తే టక్కున అతుక్కుని డిస్క్‌ని వంచేస్తుంది. తర్వాత డిస్క్‌ని వేలి కొసతో కొంచెం ముందుకి తోసి వదిలేసి, ఎక్కడా తడబడకుండా మొదటికి వచ్చి ఆగుతుందో లేదో చూడాలి. కాంటాక్టులకు గరుకు కాగితం వేయకూడదు, వెండి పూత లేచిపోతుంది. వాటికి వేరే బర్నిషింగ్ బద్ద ఉండేది.

ఆ తర్వాతే కరెంటు. వేరియాక్ మెల్లగా పెంచుతుంటే, సెట్టింగు దాటీ దాటకముందు డిస్క్ కదలదు. ఇంకొంచెం పెంచితే కదిలిందా లేదా అన్న అనుమానం వచ్చేంత నెమ్మదిగా మొదలవుతుంది. ఆ కదలిక కళ్ళతో పట్టుకోవడం ఒక నైపుణ్యం. డిస్క్ అంచు మీది గుర్తుని చూస్తూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. టైము చూసే ముందు డిస్క్ పూర్తిగా వెనక్కి వచ్చిందని రూఢి చేసుకోవాలి. సగంలో ఉండగా మళ్ళీ కరెంటు ఇస్తే తక్కువ టైము చూపిస్తుంది. పెద్ద కరెంట్లయితే ఎక్కువసేపు ఉంచకూడదు, కాయిల్ వేడెక్కుతుంది, ఆ వేడికి రెసిస్టెన్సు మారి కరెంటు కిందికి జారుతుంది. ఒకరు కళ్ళు అమ్మీటరు మీద, ఇంకొకరు డిస్క్ మీద, మూడోవారు టైమరు మీద. ముగ్గురి మధ్య మాటలుండేవి కావు.

ఇంత పట్టింపు దేనికంటే, బయటికి వెళ్ళే ఒక లైను, అంటే ఫీడరు రిలే 1.28 సెకన్లకి పనిచేయాలని, దాని పైన ఉన్న, అన్ని ఫీడర్లకూ కరెంటు తెచ్చే ఇన్‌కమర్ రిలే 0.4 సెకను ఆగి 1.68కి పనిచేయాలని లెక్క కట్టి పెడతారు. ఆ 0.4లోనే బ్రేకర్ తెరుచుకోవాలి, రెండు రిలేల తప్పులూ ఇమడాలి, కరెంటు ఆగాక కూడా పై రిలే డిస్క్ ఆ ఊపులో ముందుకెళ్ళే కాస్త దూరమూ ఇమడాలి. కింది రిలే కొంచెం బద్ధకిస్తే పై రిలే ముందు పనిచేసేస్తుంది. అప్పుడు ఒక్క ఫీడరుతో పోవలసింది బస్‌బార్ మొత్తానికి, అంటే దాని మీదున్న ఫీడర్లన్నిటికీ కరెంటు పోతుంది. అందుకే మేం రెండో దశాంశం దాకా రాసుకునేవాళ్ళం.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక వైపు వచ్చే కరెంటునీ ఇంకో వైపు పోయే కరెంటునీ పోల్చి, తేడా ఉంటే పనిచేసేవి డిఫరెన్షియల్ రిలేలు. వాటి పరీక్షలో నాకు ఎంతో ఇష్టమైనది డయోడ్ పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఛార్జ్ చేసిన (సరఫరాకి కలిపిన) తొలి క్షణాల్లో ఒక వైపే పెద్ద కరెంటు లాగుతుంది. రిలేకి అది లోపలి ఫాల్టులా కనిపించవచ్చు. దాన్ని గుర్తుపట్టడానికి ఆ కరెంటులో ఉండే రెండో హార్మోనిక్‌ని, అంటే మూల తరంగానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ ఉన్న భాగాన్ని చూసి రిలే ఆగుతుంది. మరి మామూలు కిట్‌తో రెండో హార్మోనిక్ ఎలా పుట్టించాలి? వరసలో ఒక డయోడ్ పెడితే చాలు. సగం తరంగం మాత్రమే వెళ్తుంది, ఆ సగం తరంగంలో రెండో హార్మోనిక్ మూల తరంగంలో దాదాపు 42 శాతం ఉంటుంది. దానికి మామూలు ఏసీ కలుపుతూ పోతే ఆ శాతం తగ్గుతూ వస్తుంది. ఏ శాతం దగ్గర రిలే ఆగడం మానేసి ట్రిప్ ఇస్తుందో అక్కడ రాసుకోవాలి. ఒక చిన్న డయోడ్‌తో ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జింగ్‌ని బల్ల మీదికి తెచ్చిన వాళ్ళ బుర్రకి దణ్ణం పెట్టాలనిపించేది.

రిలే ఒక్కటే బాగుంటే సరిపోదు, సీటీల నుంచి దారంతా బాగుండాలి. దానికి స్టెబిలిటీ టెస్టు. 132/33 కేవీ, 50 ఎంవీఏ, 10 శాతం ఇంపెడెన్సు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి. 33 వైపు మూడు ఫేజులూ షార్ట్ చేసి, 132 వైపు మామూలు 415 వోల్టులు ఇస్తే సుమారు 6.9 ఆంపియర్లు పారుతుంది. అవతలి వైపు దానికి నాలుగు రెట్లు, 27.5. ఇటు సీటీ 300/1, అటు 1200/1 అయితే రెండు వైపులా రిలేకి వచ్చేది దాదాపు 23 మిల్లీఆంపియర్లే. రెండూ ఎదురెదురుగా వచ్చి కొట్టేసుకోవాలి, రిలేలోకి పోయేది సున్నాకి దగ్గరగా ఉండాలి. ఒక సీటీ తిరగబడి ఉంటే సున్నా బదులు 46 కనిపిస్తుంది. అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ రక్షణ సరిగా ఉందో లేదో 23 మిల్లీఆంపియర్లు చెప్పడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆ మీటరు లీడ్స్ వదులుగా ఉంటే అంకె ఊగిసలాడేది, అందుకని లీడ్స్ కొసలు ప్రతిసారీ శుభ్రం చేసేవాళ్ళం.

సీటీల గురించి మా సీనియర్ గొంతు పెంచి చెప్పే మాట ఒక్కటే. లోడు మీదున్న సీటీ సెకండరీని ఎట్టిపరిస్థితుల్లోనూ తెరవకూడదు. తెరిస్తే ప్రైమరీ కరెంటు మొత్తం కోర్‌ని అయస్కాంతంగా మార్చడానికే పోతుంది, సెకండరీ కొసల్లో కిలోవోల్టుల శిఖరాలు లేస్తాయి. ప్రాణానికీ ముప్పే, సీటీకీ ముప్పే. అందుకే కిట్‌ని రిలేకి కలిపే టెస్ట్ ప్లగ్ దూర్చే ముందు దాని సీటీ వైపు టెర్మినళ్ళకు, వాటిని ఒకదానితో ఒకటి కలిపేసే షార్టింగ్ లింకులు పెట్టి, బిగించి, ఒకటికి రెండుసార్లు లాగి చూసేవాళ్ళం. పాత సీడీజీ రిలేల్లో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. సెట్టింగు మార్చడానికి ప్లగ్ తీసేస్తే సర్క్యూట్ తెగదు, రిలే దానంతటదే అన్నిటికన్నా పెద్ద సెట్టింగుకి వెళ్ళిపోతుంది. తయారుచేసినవాళ్ళు మన చేతుల్ని నమ్మకుండా ముందే ఆలోచించి పెట్టారు.

ఆ షార్టింగ్ లింకులే ఇంకో రకంగా కూడా ప్రమాదం తెస్తాయి. వేరే బృందం పరీక్ష చేసి వెళ్ళిన ఒక సబ్‌స్టేషన్‌లో అది నేను స్వయంగా చూశాను. ట్రాన్స్‌ఫార్మర్‌ని మధ్యాహ్నం ఛార్జ్ చేశారు, నిశ్చింతగా నిలబడింది. ఫీడర్లు ఒక్కొక్కటే ఎక్కించారు. లోడు పెరుగుతుండగా సాయంత్రం డిఫరెన్షియల్ పనిచేసి రెండు బ్రేకర్లూ పడిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏదో అయిందని అందరూ భయపడ్డారు. లోపల ఫాల్టుకి పుట్టే గ్యాస్‌ని పట్టే బుకోల్జ్ రిలేలో గ్యాస్ లేదు, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ విలువలు బాగున్నాయి, నూనె బాగుంది. మమ్మల్ని పిలిచారు. రిలేని మళ్ళీ మొదటినుంచి చివరిదాకా పరీక్షించాం. ప్రతి అంకె కాగితం మీది అంకెతో కలిసింది.

మా సీనియర్ కిట్ కట్టేయమని, టార్చి పట్టుకుని, సీటీల వైర్లన్నీ వచ్చి చేరే మార్షలింగ్ బాక్సు దగ్గరికి నడిచారు. 33 వైపు టెర్మినల్ బ్లాకులో ఒక ఫేజుకి షార్టింగ్ లింకు అలాగే ఉంది, దాని పక్క స్లైడింగ్ లింకు తెరిచే ఉంది. ఆ ఫేజు కరెంటు రిలే దాకా రాకుండా అక్కడే చుట్టు తిరిగి వెళ్ళిపోతోంది. లోడు తక్కువగా ఉన్నంతసేపు ఆ తేడా రిలే సెట్టింగుని దాటలేదు. తేడా 20 శాతం దాటేసరికి, 132 వైపు నుంచి వచ్చేది ఉంది, 33 వైపు నుంచి పోయేది లేదు, అంటే మిగతాది ట్రాన్స్‌ఫార్మర్ లోపలే పోతోందని రిలే తేల్చుకుంది. దానికి అందిన లెక్క ప్రకారం అది చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. పరీక్ష చేసినవాళ్ళ రిపోర్టులోనూ ఒక్క తప్పు అంకె లేదు. వాళ్ళు పరీక్ష బాగానే చేశారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారో అక్కడికి తిరిగి రాలేదు.

పరీక్షలో మనం చేసేది ఒక ఆరోగ్యంగా ఉన్న రక్షణని విప్పి చూడటం. విప్పిన ప్రతిసారీ దాన్ని చెడగొట్టే అవకాశం మన చేతికి వస్తుంది. రిలే పదేళ్ళపాటు కదలకుండా కూర్చోవచ్చు, ఒక్క ఫాల్టుకి ఒక్కసారి కదలాలి. మనం వదిలేసిన లింకు ఆ ఒక్కసారి దాకా బయటపడకపోవచ్చు కూడా. అందుకే నాకు పరీక్ష అంకెల కన్నా సాయంత్రం జరిగే పని మీదే పట్టింపు ఎక్కువ. సెట్టింగులు పాత చోటికి తెచ్చేవాళ్ళం. ఒకరు పుస్తకం చూసి చదివితే ఇంకొకరు లింకు మీద వేలు పెట్టి గట్టిగా చెప్పాలి, "సీ31, మూసి ఉంది" అని. చూశాను అంటే చాలదు, వేలు పెట్టాలి. ఆఖరున ట్రిప్ లింకు మూసేముందు దాని రెండు కొసల మధ్య వోల్టేజీ చూసేవాళ్ళం, రిలే కాంటాక్టు ఎక్కడైనా అతుక్కుని ఉంటే అది అక్కడే పట్టుబడుతుంది. వీలైనచోట రిలే నుంచి ఒకసారి నిజంగానే బ్రేకర్‌ని కొట్టించేవాళ్ళం. ట్రిప్ కాయిల్ 70 శాతం డీసీ వోల్టేజీ దగ్గర కూడా పనిచేయాలి, అదీ చూసేవాళ్ళం. లైన్ క్లియర్ (పని చేసుకోవడానికి తీసుకున్న అనుమతి) తిరిగిచ్చి, లోడు ఎక్కాక మళ్ళీ ప్యానెల్ దగ్గరికొచ్చి మూడు ఫేజుల కరెంట్లూ, డిఫరెన్షియల్ అయితే మిగులు కరెంటూ కొలిచేదాకా ఇంటికి వెళ్ళే మాట లేదు.

వోల్టేజీ, కరెంటుల నిష్పత్తిని బట్టి ఫాల్టు లైను మీద ఎంత దూరంలో ఉందో తేల్చే డిస్టెన్స్ రిలేల రోజులు వేరే కథ. చేత్తో తిప్పే ఫేజ్ షిఫ్టరు, యాంగిల్ మీటరు, మూడు ఫేజుల సరఫరా. ఒక్కో కోణం దగ్గర వోల్టేజీ తగ్గిస్తూ రిలే ఎక్కడ పట్టుకుంటుందో చూసి, గ్రాఫ్ కాగితం మీద చుక్క పెట్టేవాళ్ళం. చుక్కలన్నీ కలిపితే రిలే పట్టుకునే హద్దు, మో వృత్తం వచ్చేది. కంపాస్‌తో గీసిన వృత్తం మీద చుక్కలు కూర్చుంటే వచ్చే ఆనందం ఇంకెందులోనూ చూడలేదు.

తర్వాత కంప్యూటరు కిట్లు వచ్చాయి. అమెరికా నుంచి డోబుల్, స్వీడన్ నుంచి ఫ్రేయా, ఆస్ట్రియా నుంచి ఒమిక్రాన్. ఒమిక్రాన్ సీఎంసీ 356 ఒక్కడే మోసుకెళ్ళగల పెట్టె. ఆరు కరెంట్లు ఒక్కొక్కటీ 32 ఆంపియర్ల దాకా, నాలుగు వోల్టేజీలు 300 దాకా ఇస్తుంది. తరంగాన్ని లోపలి ఆంప్లిఫయరే సరిచేస్తుంది కాబట్టి రెసిస్టెన్సుల పని లేదు. కావలసిన హార్మోనిక్ శాతం టైపు చేస్తే చాలు, డయోడ్ అక్కర్లేదు. రోజంతా గీసిన వృత్తం నిమిషాల్లో తెర మీద వచ్చేస్తుంది. రెండు ఊళ్ళ మధ్య లైనుకి రెండు చివరలా జీపీఎస్ టైముతో ఒకే క్షణంలో ఫాల్టు పుట్టించి చూడవచ్చు, పాత పెట్టెతో ఇది ఊహకే అందదు. నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. పాత కిట్ మీద ప్రేమ ఉంది గానీ దాంతో పట్టుబడని తప్పులు ఇది పట్టుకుంటుంది.

రిలేలూ మారిపోయాయి. మైక్రోప్రాసెసర్ రిలే మార్కెట్లోకి వచ్చింది 1984లో. మా దాకా వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. డిస్క్ లేదు, రజను లేదు, టైము నెలల తరబడి ఒకేలా ఉంటుంది. ఇప్పుడు సబ్‌స్టేషన్ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణం ఐఈసీ 61850 వచ్చాక రాగి వైర్ల బదులు ఫైబర్ మీద ట్రిప్ సందేశాలు వెళ్తున్నాయి. వేలు పెట్టడానికి లింకు లేదు. పరీక్షప్పుడు రిలేని టెస్ట్ మోడ్‌లో పెడతారు. అప్పుడు అది పంపే ప్రతి సందేశం మీదా పరీక్ష ముద్ర ఉంటుంది, మామూలు మోడ్‌లో ఉన్న అవతలి యూనిట్ ఆ సందేశాన్ని అందుకుని కూడా పట్టించుకోదు. ఏర్పాటు చాలా బాగుంది. కానీ పని అయ్యాక ఆ రిలేని టెస్ట్ మోడ్‌లోనే వదిలేస్తే, నిజమైన ఫాల్టు వచ్చిననాడు అది సరిగ్గా కనిపెడుతుంది, ట్రిప్ పంపుతుంది, అవతల బ్రేకర్ కదలదు. మార్షలింగ్ బాక్సులో టార్చి వేస్తే కనిపించే లింకు అయితే కాదిది.

కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ఎక్కువ సమయం తీసుకునేది ఈ ఒక్క భాగానికే. కిట్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు నాకన్నా బాగా వాడతారు, అందులో నేను నేర్పేది తక్కువ. పరీక్షకి ముందు ప్రతి రిలే మోడ్, ప్రతి యూనిట్ మోడ్, సెట్టింగు గ్రూపు, ఫైలు వెర్షను రాయిస్తాను. పని అయ్యాక ఒకరు చదవాలి, ఇంకొకరు తెర మీద చూసి గట్టిగా చెప్పాలి. ఆ తర్వాత లోడు మీద రిలే చూపిస్తున్న కరెంట్లు, కోణాలు, పవరు ఏ దిక్కుకి వెళ్తోందో ఆ గుర్తు, పక్క ప్యానెల్లో ఉన్న ఎనర్జీ మీటరుతో కలవాలి. ఒక ఫేజు కోణం 180 డిగ్రీల తేడాగా వస్తే ఎక్కడ వెతకాలో వాళ్ళనే చెప్పమంటాను.